రాతి మీద అమ్మ అని చెక్కాలి

నేను కొమరమ్మను. వయసు డెబ్బైకి అటో ఇటో. నానక్‌రామ్‌గూడలో కొడుకు, కోడలితో ఉంటాను. చదువు రాదు. నేను చెప్తుంటే వాచ్‌మన్ మల్లేశ్ రాస్తున్నాడు.

పోయిన ఆదివారం పొద్దున తెల్లాపూర్‌లో మా టీచరమ్మ కన్నుమూసింది. ఆమె ఇంట్లో చాలా ఏళ్లు వంట చేశాను. ఆమె గురించి నాలుగు మాటలు, ఆమె సమాధి రాయి గురించి ఒక మాట చెప్పాలి.

టీచరమ్మ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైంది. విక్టోరియా రాణి కాలం నవలలంటే ప్రాణం. మధ్యాహ్నం నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే ఎదురుగా కూర్చుని, చదివింది చదివినట్టు తెలుగులో చెప్పేది. ఆపినచోట గుర్తుకు నా పళ్లెంలోంచి కరివేపాకు రెబ్బ తీసి పెట్టేది. ఆమె పుస్తకం ఏది తెరిచినా అదే వాసన.

ఆ కథల్లో పాస్టర్లు దేవుడి పేరున కొట్లాడుకునేవారు. నమ్మకం సడలినవాణ్ణి ఊరు వెలివేసేది. వెలివేసిన పెద్దలను నేను నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. టీచరమ్మ నవ్వేది.

"వాళ్లకీ భయమే, కొమరమ్మా. భయపడ్డవాణ్ణి తిడితే ఇంకా బిగుసుకుంటాడు."

ఒకరోజు వేరే కథ చెప్పింది. అక్క చనిపోయింది. పిల్లలు చిన్నవాళ్లు. బావ మరదల్ని చేసుకుంటానంటే ఆ దేశంలో చట్టమూ ఒప్పుకోలేదు, చర్చీ ఒప్పుకోలేదు. దాని మీద ఏళ్ల తరబడి గొడవలట, నవలలట.

"గదేంది టీచరమ్మా! గంత చదువుకున్నోళ్లకు గీ బుద్ధి లేదా? మా అక్క పోతే నేను మా బావను చేస్కోలే? పిన్ని చూడకుంటే ఆ పిల్లలను ఎవలు చూస్తరు?"

ఆమె పుస్తకం మూసేసింది.

"మా పెద్దలూ ఆ చర్చి మాటే పట్టుకున్నారు, కొమరమ్మా. అక్క పోయాక బావగారికి నన్నిమ్మంటే, బైబిలు ముందేసుకుని కుదరదన్నారు. పెళ్లికి అడ్డం గానీ, పాలసీసాకి అడ్డమేంటి? పెట్టె సర్దుకుని బావగారింటికి వచ్చేశాను."

అట్లా అక్క బిడ్డ సుధను పెంచింది. లోకం మాటకు జడిసి బావగారు బతికినన్నాళ్లూ వరండాలోనే పడుకున్నాడట, వానొస్తే గోనెపట్టా కట్టుకుని. టీచరమ్మ మళ్లీ పెళ్లి మాట ఎత్తలేదు.

ఆ సుధే ఇప్పుడు రాతి మీద 'అమ్మ' అని చెక్కిస్తానంటోంది. చర్చి సంఘపెద్ద దానియేలుగారు వద్దన్నాడు. "పెళ్లి కాని మనిషికి అమ్మ అని రాస్తే జనం ఏమనుకుంటారమ్మా? ఆవిడ పరువు కోసమే చెప్తున్నాను" అన్నాడు. సుధ ఏడ్చింది. నాకు ఒళ్లు మండింది. చెంబు విసిరేసేదాన్నే, టీచరమ్మ మాట గుర్తొచ్చింది. ఆయనకీ భయమే.

అందుకే ఆయన్ని టీచరమ్మ ఇంటికే పిలిపించాను. నా ఎదురుగా కుర్చీలో కూర్చుని ఇదంతా వింటున్నాడు. అయ్యా, నేను చెప్పేది ఇంతే. మా అక్క పిల్లలకు నేను ముక్కు తుడిచాను, సుధకు ఆమె తుడిచింది. జ్వరమొస్తే నేనూ మేలుకున్నాను, ఆమె కూడా మేలుకుంది. నా మెడలో తాడు పడింది, ఆమె మెడలో పడలేదు. నన్ను అమ్మ అంటే ఎవరూ అడ్డు చెప్పలేదు. చేసిన చాకిరీ ఒకటే. ఆమె పరువు పోయే పనేం చేసిందో మీరే చెప్పండి.

ఆయన మంచినీళ్లు అడిగాడు. నీళ్లు తాగుతూ బల్ల మీది టీచరమ్మ పుస్తకం తెరిచాడు. ఆమె చివరగా ఆపిన పేజీలో కరివేపాకు రెబ్బ ఇంకా పూర్తిగా ఎండలేదు. కళ్లజోడు సర్దుకుని అక్కడినుంచి చదవడం మొదలుపెట్టాడు, తనలో తానే. తర్వాత మల్లేశ్ చేతిలోని కలం అడిగాడు.

కొమరమ్మ ఎడమచేతి వేలిముద్ర.

సాక్షులు:
సుధ, కూతురు
దానియేలు, సంఘపెద్ద