పాత్ర: శుభ్రం

శుక్రవారం సాయంత్రాలు మా ఆయన ఆల్విన్ పాస్కో, యూనివర్సిటీ ల్యాబు నుంచి వస్తూ, భోజనం సంచిలో నాలుగు గాజు గిన్నెలు తువ్వాలులో చుట్టి తెచ్చేవారు. వాటిని కడగడం నా పని. పెరట్లో వాననీళ్ళ ట్యాంకు కుళాయి కింద, ఉత్త చేత్తో, పంతొమ్మిదేళ్ళు కడిగాను.

మొదటివారం తెలియక సబ్బు పెట్టాను. పెళ్ళయ్యాక ఆయన నామీద గొంతు పెంచింది ఆ ఒక్కసారే.

"మెర్ల్! ఎంత పని చేశావ్! ఇవేం కూరగిన్నెలనుకున్నావా? అడుగున పోసిన మెత్తటి రబ్బరు సబ్బుని తాగేస్తుంది. ఇక వదలదు. ఇందులో పరిచే గినీపిగ్ పేగుకి సబ్బు పడదు."

"సబ్బే పడని పేగులా మీవి? నా వంట ఎలా అరిగించుకుంటున్నాయో!"

"నీ వంటకి అలవాటుపడ్డ పేగు దేన్నైనా తట్టుకుంటుంది. పాపం, గినీపిగ్‌కి ఆ అదృష్టం లేదుగా."

ల్యాబులో అందరికీ ఒకటే తొట్టి. ఎవరో ఒకరు సబ్బు నురగ చిందిస్తూనే ఉంటారు. అందుకని ఇంటికి తెచ్చేవారు. గాజు సామాను గేటు దాటకూడదని అక్కడ రూలు. కాబట్టి ఎవరికీ చెప్పలేదు. తన నోటుపుస్తకంలో ప్రతి ప్రయోగానికీ పైన రెండే మాటలు రాసేవారు: పాత్ర, శుభ్రం.

ఆయన పెద్ద చదువు చదివినవారు కాదు. తాతది రాగి గనుల్లో పని. ఈయన గడియారాలు బాగుచేసే ముసలాయన దగ్గర పని నేర్చుకుని, ఆ చేతులతోనే ల్యాబులో చేరారు. గినీపిగ్ పేగుని పొర తర్వాత పొర ఒలిచి, నరాల వల, సన్నటి రక్తనాళాలు ఉన్న నడిమి పొర ఒక్కటీ చిరగకుండా మిగల్చాలి. దాన్ని గిన్నెలో పరిచి, గుండుసూదుల ముక్కలతో బిగించాలి. జంతువు చచ్చిపోయాక కూడా ఆ పొర ఏడెనిమిది గంటలు బతికే ఉంటుంది. ఆల్విన్ పేగులకి జోల పాడతాడని తోటివాళ్ళు ఆటపట్టించేవారట.

నేను ఎనిమిదో తరగతితో ఆపేసినదాన్ని. నాకు అర్థమయ్యేలా ఉల్లిపాయ పొర మీది సన్నటి తెర ఒలిచి, కిటికీ వెలుగులో పట్టి చెప్పేవారు.

"నరం చివర కబురు వదులుతుంది. ఆ కబురు అందుకోవడానికి నాళం మీద ఉత్తరాల పెట్టెలుంటాయి. ఒక పెట్టెలో పడితే నాళం బిగుసుకుంటుంది, ఇంకోదాన్లో పడితే విచ్చుకుంటుంది. నరానికీ సొంత పెట్టె ఒకటుంది. కబుర్లు మరీ ఎక్కువైతే 'ఇక చాల్లే' అని ఆపుతుంది."

"అలాంటిది మీ అక్కకి పెట్టించకపోయారా," అన్నాను. టీ పొలమారి చాలాసేపు దగ్గారు.

మార్చిలో ఒక శనివారం పొద్దున ఆయన, ల్యాబు గినీపిగ్‌ల కోసం పెరట్లో వేసిన లెట్యూస్ ఆకుకూర మడి దగ్గర కూలబడి మళ్ళీ లేవలేదు. గుండె. ముందురోజు చీకటి పడ్డాక తెచ్చిన గిన్నెలు కడగకుండా తువ్వాలులోనే ఉండిపోయాయి. ఆయన బిగించిన సూదులు ఇంకా వాటిలోనే ఉన్నాయి. విప్పలేక, బీరువాలో నా బట్టల కింద పెట్టాను.

సెప్టెంబరులో డాక్టర్ డెర్మట్ వచ్చారు. ఆయన కింద పనిచేసేవారు మా ఆయన. టీ ఇచ్చాను. కప్పు తిప్పుతూ కూర్చున్నారు గానీ తాగలేదు.

"మెర్ల్ గారూ, ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఆల్విన్ గిన్నెల్లో నాళం విచ్చుకునేది. ఆయన చోట్లో చేరిన కొత్తమ్మాయి కెరిన్ చేస్తుంటే బిగుసుకోవడమే గానీ, ఒక్కసారీ విచ్చుకోవడం లేదు. మేం అచ్చువేసిన వ్యాసం వెనక్కి తీసుకోవాల్సి వచ్చేట్టుంది. దానిమీద ఆయన పేరు కూడా ఉంది."

"అంటే ఆయన లేనిది ఉన్నట్టు రాశారంటారా?"

"నేననను. మనుషులంటారు."

"మీరు పక్కనే ఉండి చూశారు కదండీ!"

"చూశాను. అయినా నా కళ్ళనే నమ్మబుద్ధి కావడం లేదు."

"ఆ అమ్మాయి గిన్నెలు దేంతో కడుగుతోంది?"

"అందరూ కడిగేదాంతోనే. సబ్బుతో. ఎందుకు?"

రూలు తప్పిన సంగతి చెబితే ఆయన పరువు పోతుందేమో. చెప్పకపోతే పేరే పోతుంది. చెప్పేశాను. పంతొమ్మిదేళ్ళ శుక్రవారాలూ చెప్పాను.

డాక్టరు కప్పు కింద పెట్టారు. "విచ్చుకోమనే కబురు అందుకునే పెట్టెలు నాళం లోపలి పూతలో ఉంటాయి. సబ్బు తగిలితే ముందు చచ్చేది అదే. బిగించే కండకి ఏమీ కాదు. ఈ సంగతి పుస్తకంలో ఎందుకు రాయలేదండీ, మహానుభావుడు!"

"శుభ్రం అని రాశారుగా."

ఆ మధ్యాహ్నం తువ్వాలు విప్పాను. ఇంకా ఆయన సంచి వాసన వేస్తోంది. సూదులు ఒక్కొక్కటే తీసి సాసరులో వేశాను. గిన్నెలు కడగడానికి గంట పట్టింది. ఎప్పుడూ పావుగంటలో అయిపోయే పని.

మర్నాడు రైల్లో వెళ్ళి ఇచ్చాను. కెరిన్ ఒలుస్తుంటే మూడు పొరలు చిరిగిపోయాయి, నాలుగోది నిలిచింది. "ముందు మందుతో బిగిస్తాం, తర్వాత కరెంటుతో నరాన్ని తడతాం. మీరు చూడండి ఆంటీ," అని సూక్ష్మదర్శిని దగ్గర చోటిచ్చింది.

వెంట్రుకంత సన్నటి గొట్టం. బిగుసుకుని ఉంది. కెరిన్ మీట నొక్కింది. ఏమీ కాలేదు. ఇంకాసేపటికి దాని అంచులు మెల్లగా, అవతలకీ ఇవతలకీ జరిగాయి. ఆయన రోజూ చూసింది ఇదేనన్నమాట. నేను చూడటం అదే మొదటిసారి.

"విచ్చుకుంది!" కెరిన్ అరిచింది. డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "వ్యాసం ఉంటుంది," అన్నారు.

"ఎలా కడగాలో చెప్పండి ఆంటీ, రాసుకుంటాను. వాననీళ్ళే కావాలా?"

"అక్కర్లేదమ్మా. సబ్బు తగలకపోతే చాలు."

గిన్నెలు అక్కడే ఉంచుకున్నారు. వాటికోసం వేరే తొట్టి కూడా పెట్టించారట. ఖాళీ తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చాను.

ఇప్పటికీ శుక్రవారం సాయంత్రం అలవాటుగా ట్యాంకు కుళాయి తిప్పి బేసిను నింపుతాను. నిండాక గుర్తొస్తుంది. ఆ నీళ్ళు లెట్యూస్ మడిలో పోస్తాను. ల్యాబుకి కోసుకెళ్ళేవాళ్ళు లేక అది పూతకొచ్చేసింది.