గంజి పెట్టిన టెన్నిస్ నిక్కరు

ఆ రోజుల్లో కంప్యూటరు నేర్చినవాళ్లందరూ విమానాలెక్కుతుంటే, అక్షరమ్ముక్క రాని నేను కూడా ఒకటెక్కాను. సింగపూరులో మా అక్కా బావా కంప్యూటరు ఉద్యోగులు, వాళ్ల పసిదాన్ని ఆడించే ఉద్యోగం నాది. (ఆ బూమ్‌లో నా వాటా అంతే.) బూన్ లే అనే పేటలో పదకొండో అంతస్తు ఫ్లాటు. ఊళ్లో పొద్దున్నే గేదెకి మేత కోస్తూ పచ్చగడ్డిలో తిరిగిన కాళ్లకి గచ్చు తప్ప ఏదీ తగిలేది కాదు. ఫ్లాటు కింద గడ్డి లేకపోలేదు, కాలు పెడితే చాలు, "పురుగుల మందు కొడతారే!" అని అక్క లాగేసేది. టీవీలో లండన్ టెన్నిస్ వస్తే బావ బంతిని చూసేవాడు, నేను గడ్డిని చూసేదాన్ని. అంత లేతగడ్డిని అలా తొక్కేస్తుంటే ప్రాణం ఉసూరుమనేది.

ఆ ఏడు బావ ఆఫీసువాళ్లూ ఓ పాత క్లబ్బు గడ్డి కోర్టులో అచ్చం అలాంటి పోటీయే పెట్టుకున్నారు. తెల్లబట్టలు తప్పనిసరి.

"నన్నూ తీసుకెళ్లండి బావా. ఒక్కసారి గడ్డి మీద నిలబడతాను."

"బట్టలు లండన్ వాళ్లకి మల్లే మెరవాలి మరి, మరదలు పిల్లా!"

ఇక చూడండి. మా ఊళ్లో మగవాడు పదిమందిలోకి వెళ్లేటప్పుడు పంచెకి చేసే మర్యాదంతా బావ తెల్ల నిక్కరుకి చేశాను. నీలిమందు పెట్టి, అన్నం వార్చిన గంజి చిక్కగా పట్టించి, కిటికీ బయట వెదురుకర్రకి ఆరేశాను. సాయంత్రం తీసి కింద పెడితే దానంతటది నిలబడింది. పోటీనాడు కోర్టులో బావ నడుస్తుంటే అప్పడాలు విరుగుతున్న చప్పుడు. గడ్డి మీద బంతి లేవదట, వంగి కొట్టాలట. నిక్కరు వంగనిస్తేగా!

"ఏం పెట్టావే దానికి?" అంది అక్క.

"గంజి."

"నిక్కరుకా!"

మొదటి ఆటలోనే ఓడి, చెమటకి గంజి కరిగి జిగురోడుతూ వచ్చాడు బావ. ఇక గడ్డి లేనట్టే అనుకుని తలొంచుకున్నాను.

"ఏడుపెందుకు? చెప్పులు విప్పి వెళ్లి నిలబడు. ఫోటో తీస్తా," అన్నాడు బావ.

నిలబడ్డాను. అరికాళ్లకి చల్లగా, గరగరగా తగిలింది. ఎక్కడున్నానో మరిచిపోయాను.

ఆ ఫోటో ఇప్పటికీ మా గోడ మీదే ఉంది. యాభై దాటాక నాకు అక్షరాలు నేర్పింది ఆనాటి పసిదే. "పిన్నీ, ఇది చదువు లా!" అని ఓ రోజు సింగపూరు యాసలో అంటూ ఫోటోలో నా పక్కనున్న ఇంగ్లీషు బోర్డు చూపించింది. కూడబలుక్కుని చదివాను. ఆటగాళ్లు తప్ప ఎవరూ గడ్డి తొక్కరాదు.

వెంటనే బావకి ఫోన్ చేశాను. "మీకప్పుడే తెలుసా?"

"తెలుసు. నీకు చదవడం రాదుగా, పర్లేదనుకున్నా."

ఇప్పుడు వచ్చు. ఎక్కడ పచ్చగడ్డి కనబడినా చెప్పులు విప్పబోయి, ముందు బోర్డు కోసం వెతుక్కుంటున్నాను.