కుడిచేత్తో కొట్టిన బి

2002వ సంవత్సరం, ఏప్రిల్ నెల. నంద్యాలలో మొట్టమొదటి కంప్యూటర్ షాపు నాదే. కాదులెండి, మూడోది. ముందు పెట్టిన ఇద్దరూ మూసేసుకున్నారు కాబట్టి మొదటిదని చెప్పుకోవడం అలవాటైపోయింది. అంతకుముందు ఇరవై ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాను. నంద్యాలలో ఒకటి, వారానికి మూడు రోజులు ఆళ్లగడ్డలో ఇంకొకటి. ఆళ్లగడ్డలో పన్నెండు మిషన్లు ఒక్కసారిగా మోగుతుంటే రేకుల కప్పు మీద వాన పడుతున్నట్టు ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ వానలో కుర్చీలోనే నిద్రపోయేవాణ్ణి. పిల్లలు కొట్టడం ఆపితే మెలకువ వచ్చేది.

ఆ ఏప్రిల్‌లో హైదరాబాదు హోల్‌సేల్ వ్యాపారి నాకొక కీబోర్డు అంటగట్టాడు. అట్టపెట్టె తెరిచి చూస్తే నడిమికి రెండుగా చీలి, అటూ ఇటూ వంగి ఉంది. లారీలో ఎండకు కరిగి వంకర పోయిందేమో అనుకున్నాను. కాదట, దాని తీరే అంత. ఎర్గోనామిక్ కీబోర్డు అంటారు. అంటే మనిషి ఒంటికి తగ్గట్టు చేసిన పనిముట్టు. మణికట్లు పక్కకు తిరగకుండా, చేతులు భుజాల నుంచి తిన్నగా వచ్చి వాలేటట్టు చేస్తారు. మామూలు కీబోర్డుకు పన్నెండింతల ధర. అద్దాల బీరువాలో పెడితే రెక్కలు చాపుకొని కూర్చున్న కొంగలా ఉండేది. వచ్చినవాళ్లంతా చూసేవాళ్లు, ఎవరూ కొనేవాళ్లు కాదు. ఒక మధ్యాహ్నం కునుకులో అది రెక్కలాడిస్తూ నల్లమల వైపు ఎగిరిపోయినట్టు కల వచ్చింది. లేచి చూస్తే బీరువాలోనే ఉంది.

ఆ రోజే వరలక్ష్మి వచ్చింది. తొమ్మిదేళ్ల క్రితం ఆళ్లగడ్డలో నా దగ్గర టైపు నేర్చుకున్న అమ్మాయి. అప్పటి నుంచి అక్కడే ఒక వకీలు దగ్గర పిటిషన్లు కొడుతోంది. మొదట మిషను మీద, రెండేళ్లుగా కంప్యూటరు మీద. కుడి మణికట్టుకు పట్టీ ఉంది.

"ఏమైందమ్మా చేతికి?"

"నొప్పి సార్. అన్నం కలుపుకునేకి గూడ రాల్యా. డాక్టరు టైపు మానుకోమంటాడు. మా వకీలు సారేమో, మే నెల కోర్టు సెలవులు అయిపోయేలోగా బాగైతే సరే, లేకుంటే వేరే మనిషిని చూసుకుంటా అంటాండాడు."

"ఇంకేదైనా పని..."

"ఇంకోటి యాడ వస్తాది సార్ నాకు? మీరు నేర్పిందే నా చేతిలో ఉండేది."

నేను బీరువా తెరిచాను. "ఇదిగో, నీ కోసమే తెప్పించినట్టుంది. అమెరికాలో డాక్టర్లు మందుచీటీ మీద రాసేది దీన్నే. అక్కడ పెద్ద కోర్టుల్లో ఇవి తప్ప వేరేవి వాడరు."

"మీరు చూసినారా సార్?"

"చూడకుండా చెప్తానా?"

నేను బెంగుళూరు దాటి ఎక్కడికీ పోలేదు.

"రెండు నెల్ల జీతం గద సార్ ఇది?"

"ఊరికే తీసుకపో. సెలవులు అయ్యేదాకా వాడు. నొప్పి తగ్గితేనే దుడ్లు."

ఇది నా దయ అని రాసుకోవాలనే ఉంది. అసలు సంగతి వేరు. దాన్ని వాడిన మనిషి ఒకరున్నారని చెప్పుకుంటే మిగతావాళ్లు కొంటారని నా ఆశ. ఆమె దాన్ని చీర కొంగు కప్పి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని ఆళ్లగడ్డ బస్సెక్కింది.

పది రోజులకు ఒక కాగితంతో తిరిగి వచ్చింది. ప్రతి పిటిషన్‌లోనూ "హంబ్లీ సబ్మిటెడ్" అని రాస్తారు. వినయంగా మనవి చేసుకుంటున్నామని అర్థం. ఆ కాగితంలో అది "హమ్లీ సమిటెడ్" అయి ఉంది. పేజీ పొడుగునా ఎక్కడా బి అక్షరం లేదు.

"కీ చెడిపోయిందేమో," అన్నాను.

"చెడిపోల్యా సార్. బి ఎడమ ముక్కలో ఉండాది. నా కుడి వేలు పోయి నడిమి గుంతలో పడతాది. కంపెనీవాళ్లు తప్పు పెట్టినారా?"

తప్పు కంపెనీది కాదని నాకు తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు. "అవునమ్మా. ఆ దేశంలో ఎడమచేతి వాటంవాళ్లు ఎక్కువ. అందుకే అట్ల చేసినారు."

ఆమె నా ముఖం కేసి కొంచెంసేపు చూసింది. "సరే సార్," అంది. క్లాసులో అన్నట్టే అంది.

ఇక్కడ పాఠకులకు ఒక మాట చెప్పాలి. పది వేళ్లతో టైపు కొట్టేటప్పుడు ఏ అక్షరం ఏ వేలిదో ముందే పంచి ఉంటుంది. బి ఎడమ చూపుడువేలిది. ఏ పుస్తకం చూసినా అదే ఉంటుంది. నా ఎడమ చూపుడువేలు చిన్నప్పుడు సైకిలు చైనులో పడి వంకరపోయింది. బి దాకా సాగదు. పత్తి మిల్లు ఆఫీసులో పాత మిషను మీద సొంతంగా నేర్చుకుంటూ, ఆ అక్షరాన్ని కుడిచేతికి అప్పగించాను. ఇన్‌స్టిట్యూట్ పెట్టాక పిల్లల ముందు ఆ వేలు చాపడానికి సిగ్గేసింది. గోడ మీద చార్టు నేనే రంగులతో వేసి, బి అక్షరాన్ని కుడివైపు రంగులో కలిపాను. ఎవరైనా పుస్తకం చూపిస్తే అచ్చుతప్పు అనేవాణ్ణి. పరీక్షలో దిద్దేది కాగితాన్నే, వేళ్లను కాదు. అందరూ పాసయ్యారు.

ఆమె వెళ్లాక కునుకు పట్టింది. మళ్లీ ఆ రేకుల కప్పు, ఆ వాన. పన్నెండు మిషన్ల ముందు పన్నెండుమంది. అందరి కుడి వేళ్లూ ఒక్కసారే లేచి నడిమి గుంతలోకి జారుతున్నాయి. వాన ఆగిపోయింది. మెలకువ వచ్చింది.

మర్నాడే ఆళ్లగడ్డ బస్సెక్కాను. దారి పొడుగునా పంట తీసేసిన నల్లరేగడి, నెర్రెలు విచ్చి పడుకొని ఉంది. దూరంగా కొండలు నీళ్లలో తేలుతున్నట్టు కనిపించాయి. వకీలు ఆఫీసులో వరలక్ష్మి మామూలు కీబోర్డు మీద ఏదో అర్జెంటు కాగితం కొడుతోంది. గడప దగ్గరే నిలబడి చూశాను. కలంతో రాసుకోవడానికి చేసిన ఎత్తు బల్ల. కింద పొట్టి కుర్చీ. భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి. ఇనుప మిషనును బాదినట్టే బాదుతోంది. ఉండుండి కుడి మణికట్టు ఒక విచిత్రమైన మెలిక తిరిగి, ఎడమకు పోయి, వెనక్కి వస్తోంది. ఆ మెలిక నాకు తెలుసు. అది నా చెయ్యి. నా చెయ్యి ఆమె భుజానికి మొలిచి పనిచేస్తున్నట్టు అనిపించింది.

"వరలక్ష్మీ, కంపెనీది తప్పు కాదు. బి ఎడమచేతిదే. నేనే తప్పు నేర్పినా."

ఆమె కొట్టడం ఆపింది. "తెలిసే నేర్పినారా సార్?"

"తెలిసే." వంకర వేలు చాపి చూపించాను. ఇరవై ఏళ్లలో మొదటిసారి.

"పుస్తకం చూపిస్తే అచ్చుతప్పంటిరి. ఎంత బాగా చెప్తిరి సార్! అమెరికా గూడ అంత బాగనే చెప్తిరి."

"అమెరికా నేను చూడల్యా."

"అది నాకు తెలుసులే సార్," అని, పట్టీ వేసిన చెయ్యి ఒళ్లో పెట్టుకొని ఏడ్చింది.

నొప్పికి బి ఒక్కటే కారణమంటే మళ్లీ పెంచి చెప్పినట్టవుతుంది. బల్ల ఎత్తుదీ, బాదుడుదీ పెద్ద వాటా. నాది ఎంతో తెలియదు. కొంత మాత్రం తప్పకుండా నాదే. వడ్రంగిని పిలిపించి బల్ల కాళ్లు నాలుగు వేళ్ల మందాన కోయమన్నాను. వకీలు లోపలి నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"మా నాయన బల్లప్పా అది! యాడ కోస్తాండావ్?"

"మీ నాయన దాని మీద కలంతో రాసుకున్నాడు సార్. ఈమె కొట్టేది కీబోర్డు."

"కోసినాక గూడ నొప్పి తగ్గకపోతే నీ మీద కేసు వేస్తా."

"వేయండి. ఆ పిటిషనూ ఈమే కొట్టాల గదా?"

వరలక్ష్మి కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. రంపం పడింది.

మే నెలంతా వారానికి మూడు రోజులు ఆళ్లగడ్డ పోయాను, పాత రోజుల్లో లాగే. ఆమెను ఆ రెండు ముక్కల కీబోర్డు ముందు కూర్చోబెట్టాను. మామూలు కీబోర్డయితే పాత అలవాటును క్షమిస్తుంది. ఇది క్షమించదు. కుడి వేలు పోతే గుంతలో పడాల్సిందే. మొదటి వారం పేజీకి పది నిమిషాలు పట్టేది. మెల్లగా, ఆకు రాలినట్టు వేలు వాల్చమనేవాణ్ణి. "మీరు నిద్రపోతాండారు సార్," అనేది. నిజమే, ఆ మెత్తని చప్పుడుకు కళ్లు మూతపడేవి. తుంపర పడుతున్నట్టుండేది.

కోర్టు తెరిచిన రోజు ఆమె మొదటి పిటిషన్ కొట్టింది. రెండు బిలూ ఉన్నాయి. నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను. పట్టీ తీసేసింది, అన్నం కలుపుకుంటోంది, కుర్చీ ఆమెదే. కీబోర్డు మాత్రం నాకే తిరిగి ఇచ్చింది.

"మామూలుదే చాలు సార్ నాకు. బల్ల సరిపోయింది, వేలు సరిపోయింది. దీన్ని మీరు పెట్టుకోండి. మరి, మీ దగ్గర నేర్చుకున్న మిగతావాళ్లకు ఎవరు చెప్తారు?"

పాత రిజిస్టరు తీసి, చిరునామా దొరికిన శిష్యులకు కార్డులు రాశాను. వెయ్యి రాశాను. సరే, ముప్పై ఒకటి. జవాబు వచ్చింది నాలుగు కార్డులకే. ఒకటి కోయిలకుంట్ల నుంచి ఒక ఆఫీసు గుమాస్తా రాశాడు: "సార్, నేను మొదటి నెలలోనే పుస్తకం చూసి ఎడమ చేత్తో నేర్చుకుంటిని. మీరు పక్కకొచ్చి నిలబడినప్పుడు మాత్రం కుడి చేత్తో కొట్టేవాణ్ణి. మీరు బాధపడతారని చెప్పల్యా."

ఖరీదైన కీబోర్డుకు మారడం మంచిదేనా అని ఇప్పటికీ షాపులో అడుగుతుంటారు. ధర చెప్పే ముందు కుర్చీ వేసి, ఒక పేజీ కొట్టమంటాను. బల్ల చూస్తాను, భుజాలు చూస్తాను, వేళ్లు చూస్తాను. సగంమందికి రంపం సరిపోతుంది. ఆ రెండు ముక్కలది అమ్మలేదు. నా బల్ల మీదే ఉంది. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు దాని ముందు కూర్చొని, వంకర వేలును బి దాకా సాగదీస్తుంటాను. ఇప్పుడది అందుతోంది. అబద్ధం, ఇంకా కొంచెం దూరం ఉంది.