మోసం లేదన్న మాట

ఏది చూడాలన్నా స్టామెన్ ముందు కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుస్తాడు. బల్గేరియాలోని రూసే పట్టణపు బజారులో ముప్పై ఏళ్ళు తక్కెడలు తనిఖీ చేసిన ఉద్యోగి. ఇప్పుడు ఇరుగుపొరుగువాళ్ళు ఫోనులో జూదం మొదలుపెట్టే ముందు ఆ యాప్‌ని ఆయనకే చూపిస్తారు. లైసెన్సు నంబరు సరిచూసి, షరతులన్నీ చదివి, "మోసం లేదు" అంటాడు. పైఅంతస్తులో బట్టలు కుట్టే జ్లాతీనాకూ అదే చెప్పాడు. మొన్న ఆదివారం ఆమె మెట్ల మీద నిలదీసింది.

"ఆడి ఆడి కుట్టుమిషను కూడా అమ్మేసుకున్నా బాబాయ్. మోసం లేదన్నారుగా!"

"లేదమ్మా. కాసిన ప్రతి వందలో నాలుగు వాళ్ళే ఉంచుకుంటామని షరతుల్లోనే రాశారు."

"ఆ ముక్క నాకు చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు" అనబోయి ఆగిపోయాడు.

మర్నాడు పొద్దున్నే తన కోటుకున్న ఆరు బొత్తాలూ తనే కత్తిరించి, "ఊడిపోయాయమ్మా, కూలి తీసుకుని కాస్త కుట్టిపెట్టు" అంటూ ఆమె తలుపు తట్టాడు.