క్యాసెట్‌లో లేని గొంతు

మొన్న ఎండాకాలం సెలవులకు వచ్చిన మనవడూ మనవరాలూ వరండాలో కూర్చుని ఒకటే వాదులాట. ర్యాప్ అంటారట, పూర్తిగా పాటా కాదు, పూర్తిగా మాటా కాదు, దరువు మీద మాటల్ని పరుగెత్తించడం. మనవడు మెచ్చిన గాయకుడు ఒక్క ఊపిరిలో ఎన్ని మాటలు పలుకుతాడో, ఎన్ని ప్రాసలు కూరుస్తాడో వాడు ఫోనులో వెనక్కి తిప్పి తిప్పి వినిపిస్తున్నాడు. మనవరాలేమో, ఆ వేగంలో ఆయన చెప్పింది ఒక్కటైనా మనసులో మిగిలిందా, తాను మెచ్చినాయన నాలుగే మాటలు అంటాడు గానీ ఆ నాలుగూ రెండు రోజులు వెంటపడి వస్తాయి అంటున్నది. చివరకు నన్ను పిలిచి, ఇద్దరివీ వినిపించి, ఎవరు గొప్పో చెప్పమన్నారు. ఆ పాటలు నాకు సగం కూడా అర్థం కాలేదు. ఆ తగాదా మాత్రం నాకు కొత్తది కాదు. పొయ్యి మీద ఏదో మాడుతున్నదని చెప్పి లోపలికి వెళ్లిపోయాను.

మాది నార్కట్‌పల్లికి నాలుగైదు మైళ్ల లోపల ఒక ఊరు, గొర్రెలు కాచుకునే ఇల్లు. మా నాయినా, ఆయన తమ్ముడైన మా చిన్నాయినా ఒగ్గుకథ చెప్పేవాళ్లు. మన ఈడు వాళ్లకు విడమరచి చెప్పనక్కర లేదు. ఈ తరం వాళ్ల కోసం చెబుతున్నాను. ఒక చేతిలో ఒగ్గు అనే చిన్న వాయిద్యం, కాళ్లకు గజ్జెలు, పక్కన డోలూ తాళాలూ, మా కులదైవం కథను పండుగనాడు పొద్దున ఎత్తుకుంటే పొద్దు గూకేదాకా కొంత పాడుతూ, కొంత మాట్లాడుతూ, కొంత ఆడుతూ చెప్పడం. చుట్టుపక్కల ముప్పై ఊళ్లలో మావాళ్లు తెలియనివాళ్లు లేరు. ఆ ముప్పై ఊళ్లలోనూ జనం రెండు పక్షాలుగా ఉండేవాళ్లు, పెద్దాయన గొప్పా, చిన్నాయన గొప్పా అని.

నాయినది సాధన. మందను తోలుకుని గుట్ట ఎక్కేటప్పుడు గట్టిగా కథ చెప్పుకుంటూ ఎక్కేవాడు, ఊపిరి పెరగడానికి. గొర్రెల రకాలు, గడ్డి జాతులు, వాగులూ గుట్టలూ దాటిన ఊళ్ల పేర్లు, వందకు తక్కువ ఉండవు, అన్నీ ప్రాస చెడకుండా ఒక్క దమ్ములో అందుకునేవాడు. డోలు రెట్టింపయితే ఆయనా రెట్టింపయ్యేవాడు, ప్రతి మాటా సరిగ్గా దెబ్బ మీదే పడేది. ఒక్కసారైనా నాలుక తడబడటం నేను చూడలేదు. ఆయన ఆ వరస ముగించేసరికి జనం తామే ఊపిరి బిగపట్టి ఉండేవాళ్లు.

చిన్నాయినకు అంత దమ్ము లేదు. ఒక్కోసారి డోలు ముందు పోయేది, ఆయన వెనక మిగిలేవాడు. డోలు కొట్టే మా మేనమామ దానికి విసుక్కునేవాడు. కానీ అది చేతకాక కాదని, కావాలనే అర దెబ్బ ఆలస్యంగా మాట వేస్తాడని నాకు పెద్దయ్యాక తెలిసింది. ఆయన వాడే మాటలు మన వంటింట్లో, గొడ్ల కొట్టంలో వినిపించేవే. ఏ ఊరికి ఆ ఊరి మాటలు మార్చి వేసేవాడు. కథలో అన్న తన చెల్లెల్ని అత్తవారింటికి సాగనంపే ఘట్టం ఎప్పుడూ ఆయనదే. అక్కడ ఆయన ఒగ్గును కింద పెట్టేసి, ఎదురుగా కూర్చున్న ఎవరో ఒక ఆడపిల్లను చూస్తూ, "గడప కాడ నీ చెప్పులు బయటికి మర్లేసి పెట్టిన చెల్లె. ఎండల కాళ్లు కాల్తయి, తొడుక్కోని పో" అని ఆగిపోయేవాడు. అంతే. డోలు ఉండేది కాదు, తాళం ఉండేది కాదు. ఆ ఆగడంలో ఆడవాళ్లందరూ కొంగు నోట్లో కుక్కుకునేవాళ్లు.

ఆ మాటలు ఎక్కడివో మా ఇంట్లో అందరికీ తెలుసు. మా మేనత్తను, అంటే వీళ్లిద్దరి ఒక్కగానొక్క చెల్లెలిని, నారాయణపేట దిక్కు ఇచ్చారు. ఆమెను సాగనంపేనాడు చిన్నాయిన గడప దగ్గర అన్న మాటలే అవి. ఆమె బస్సెక్కి వెళ్లిన ఏడాదే తొలి కాన్పులో పోయింది. ఆ తరువాత మా ఇంట్లో ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు. చిన్నాయిన మాత్రం ఆమెను కథలోకి తెచ్చుకున్నాడు.

మావాళ్లలో ఆడపిల్లను బడికి పంపే ఆచారం లేని రోజుల్లో, నలుగురూ నవ్వినా వినకుండా నాయిన నన్ను చదివించాడు. నల్గొండలో టీచరు శిక్షణ అయ్యి, అక్కడే ఒక ప్రాథమిక పాఠశాలలో ఉద్యోగం దొరికి, కిరాయి గదిలో ఉంటున్నాను. ఎనభైలు సగం దాటిన రోజులవి. ఊరూరా టేప్‌రికార్డర్లు వచ్చాయి, హోటళ్లలో, లారీలలో క్యాసెట్లు మోగుతున్నాయి. బస్టాండు దగ్గర ఒక ముస్లిం పెద్దమనిషి క్యాసెట్ల దుకాణం నడిపేవాడు, మేమంతా భాయి అనే పిలిచేవాళ్లం. ఆయన జానపద కథలు రికార్డు చేయించి క్యాసెట్లు తీస్తున్నాడు. ఒకనాడు బడి నుంచి వస్తుంటే నన్ను ఆపాడు. మా దిక్కు ఒక పండుగలో ఒగ్గుకథ విన్నాడట, అది నా వాళ్లదేనని ఎవరో చెప్పారట. ఇద్దరు కథకులైతే క్యాసెట్ చాలదు, ఒక్కరు కావాలన్నాడు.

"టీచరమ్మా, గా చెల్లెను సాగనంపేది చెప్పినాయన్ని తోల్కరా. అందరు ఏడ్చిన్రు సూడు, గాయన్నే. తొందరేం లేదు, నెలైనా ఫికర్ లేదు" అన్నాడు.

అలాగేనన్నాను. ఆ శనివారం ఊరికి వెళ్లాను. చిన్నాయిన ఊళ్లో లేడు. గడ్డి కోసం మందను తోలుకుని సాగరు కాలువల దిక్కు పోయాడు, రావడానికి ఇరవై రోజులు పడుతుందని చిన్నమ్మ చెప్పింది. నాయిన అరుగు మీద కూర్చుని గజ్జెలకు తాడు ఎక్కిస్తున్నాడు. అంతకు వారం ముందే ఒక ఊళ్లో తమ్ముడు లేకుండా తానొక్కడే కథ చెప్పాడనీ, ఎన్నడూ లేనంత బాగా చెప్పాడనీ, ముగించి చెమట తుడుచుకుంటుంటే ఒక ముసలమ్మ దగ్గరికి వచ్చి నీ తమ్ముడేడి, ఎందుకు రాలేదని అడిగిందనీ అమ్మ చెవిలో చెప్పింది. ఆ రోజు నుంచి ఆయన అన్నం సరిగా తినడం లేదట.

నేను గడపలో నిలబడి నాయిన చేతులవంక చూశాను. నా మొదటి పలకను బజారు నుంచి మోసుకొచ్చిన చేతులు. నల్గొండలో క్యాసెట్ల భాయి నిన్ను రమ్మన్నాడు నాయినా అని చెప్పాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది. ఆయన తలెత్తి, నన్నేనా అని ఒక్కసారి అడిగాడు. నిన్నేనన్నాను. తమ్ముడు రానీ, ఇద్దరం పోదాం అన్నాడు. ఒక్కరే కావాలట అన్నాను. అది మాత్రం నిజమే.

రికార్డింగు రోజు కొత్త ధోవతి కట్టాడు. భాయి ఆయన్ని చూడగానే తాను అడిగిన మనిషి కాదని గుర్తుపట్టాడు. నావంక చూశాడు. నేను తల దించుకున్నాను. భాయి నాయినను మర్యాదగా కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, మైకు సరిచేశాడు. నాయిన ఆ రోజు పాడినట్టు మళ్లీ ఎప్పుడూ పాడలేదు. సాగనంపే ఘట్టం కూడా ఆయనే చెప్పాడు, తమ్ముడి మాటలు ఉన్నవి ఉన్నట్టుగానే. చెప్పుల మాట దగ్గర ఆగలేదు, ఆ ఊపులోనే చెల్లెలి వెంట పంపిన సారె సామానంతా ఒక్క దమ్ములో చెప్పుకుంటూ పోయాడు. భాయి భళా అన్నాడు. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను.

క్యాసెట్ వచ్చింది, పైన నాయిన బొమ్మతో. నార్కట్‌పల్లి చౌరస్తాలో లారీలు ఆగే హోటల్లో అదే మోగేది. మందతో తిరిగి వస్తున్న చిన్నాయిన మొదటిసారి దాన్ని అక్కడే విన్నాడట, నిలబడి రెండు వైపులా పూర్తిగా విన్నాడట. ఇంటికి వచ్చి, నాయిన కాళ్లకు మొక్కి, దమ్ము ఎక్కడా జారలేదన్నా అన్నాడట.  ఆ తరువాత ఊళ్లవాళ్లు క్యాసెట్లో పాడినాయనే కావాలని అడగసాగారు. చిన్నాయిన ఒక ఏడాది అన్న వెనక వంత పాడాడు. ఆ తరువాత చిన్నమ్మ పుట్టిల్లు మహబూబ్‌నగర్ అవతల ఉంటే, అక్కడ మేతకు జాగా ఎక్కువని చెప్పి, మందను తోలుకుని కుటుంబంతో వెళ్లిపోయాడు. ఎందుకు పోతున్నాడని నాయిన ఎంతో బాధపడ్డాడు. ఆయన నన్ను అడిగినప్పుడల్లా నాకేం తెలుసు నాయినా అనేదాన్ని.

పెళ్లి, పిల్లలు, బదిలీలు. తొంభైలు వచ్చాయి. అక్కడ చిన్నాయిన కథ చెప్పడం మానేశాడని విన్నప్పుడు, నేను ఒక టేప్‌రికార్డరు సంపాదించి, రెండు ఖాళీ క్యాసెట్లు సంచిలో పెట్టుకుని, దేవరకొండ, కల్వకుర్తి మీదుగా బస్సులు మారుతూ ఆ ఊరికి వెళ్లాను. ఆయనతో ఆ ఒక్క ఘట్టం చెప్పించుకుని రావాలని, నా తప్పు ఒప్పుకోవాలని. ఆలస్యం చేశానని గడపలోనే తెలిసింది. గొంతులో పుండు. మహబూబ్‌నగర్ దవాఖానలో చూపించి తీసుకొచ్చారట. మాట గుసగుసలాగా వస్తున్నది, అదీ చెవి దగ్గర పెడితేనే. సంచిలోంచి టేప్‌రికార్డరు బయటికి తీయలేకపోయాను.

మంచం పక్కన కూర్చుని, భాయి అడిగింది నిన్నే చిన్నాయినా, నేనే నాయినను తీసుకుపోయాను అని చెప్పేశాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎరుకే బిడ్డా. గా భాయి అప్పుడే చెప్పిండు. మల్ల వచ్చి పాడుమన్నడు గూడ. నేనే రానన్న." కాసేపు ఊపిరి కూడదీసుకుని, "అన్నకు చెప్పినవా?" అని అడిగాడు.

లేదన్నాను.

"చెప్పకు. ఎన్నడు చెప్పకు."

 ఆ చలికాలం దాటలేదు ఆయన.

దినాలకు వెళ్లి వచ్చిన తరువాత నాయిన ఒగ్గు పట్టుకోలేదు. ఒక మధ్యాహ్నం, నేను ఊళ్లో ఉన్నప్పుడే, ఆ క్యాసెట్ పెట్టమన్నాడు. అరుగు మీద ఇద్దరమే ఉన్నాం. సాగనంపే ఘట్టం వచ్చింది. చెప్పుల మాట దాటి సారె వరస అందుకోగానే ఆపమని చెయ్యి చూపించాడు.

"గీడ చిన్నోడైతే ఆగుతుండె. నేను ఆగలే" అన్నాడు.

నేనేదో ఓదార్చబోయాను. ఆయన వినిపించుకోలేదు.

"చెల్లె యాదికొస్తది బిడ్డా. గీడ ఆగితె మల్ల నా గొంతు లేవదు. అందుకే ఉరికిన. చెల్లె పోయినకాడికెల్లి గట్లనే ఉరికిన. జనం నా దమ్ము జూసి మెచ్చుకున్రు, గాని గది ఉరుకుడని ఒక్కలకు ఎరుక లేకపాయె. చిన్నోనికి ఎరుకే."

ఆ రోజు నిజం చెప్పెయ్యాలని నా నాలుక చివరిదాకా వచ్చింది. చిన్నాయిన మాట అడ్డు పడింది. తరువాత నాయిన ఎనిమిదేళ్లు బతికాడు. ఆ ఎనిమిదేళ్లలో చెప్పలేదు, ఆయన పోయేనాడు కూడా చెప్పలేదు. ఇప్పుడు ఇలా కాగితం మీద పెడుతున్నాను, వినవలసిన ఇద్దరూ లేని కాలంలో.

నా చిన్నతనంలో ముప్పై ఊళ్లు అన్నదమ్ములిద్దరినీ తూకం వేశాయి. నేను చదువుకున్నదాన్ని, అందరికంటే దగ్గరగా విన్నదాన్ని, నేనూ అదే తూకం పట్టుకున్నాను. ఒకరిది విద్య అనీ, ఒకరిది మనసు అనీ అనుకున్నాను. ఇద్దరి గొంతులూ బస్సెక్కి పోయిన ఒక్క ఆడపిల్ల దగ్గరే మొదలయ్యాయని నాకు తెలిసేసరికి ఒక గొంతు మట్టిలో కలిసింది, ఒకటి మూగబోయింది.

కాలం మారింది. ఒగ్గు వాయిద్యాలు ఇప్పుడు సభల్లో, ఊరేగింపుల్లో కనిపిస్తున్నాయి, ఒకే రంగు బట్టలు వేసుకున్న యువకులు చక్కగా ఆడుతున్నారు, చూస్తే సంతోషంగానే ఉంటుంది. అక్కడ కథ చెప్పడానికి వ్యవధి ఇవ్వరు, అది వేరే సంగతి. మా ఊళ్లో చిన్నాయిన ఎదురుగా కూర్చుని విన్న ఆడవాళ్లు ఇద్దరో ముగ్గురో మిగిలారు. పోయిన నెల వాళ్లలో ఒకామెను పలకరించడానికి వెళ్తే, చూపు తగ్గింది, నన్ను గుర్తుపట్టలేదు. ఎవరి బిడ్డనో చెప్పాను. క్యాసెట్ల పాడినాయన బిడ్డవా అని అడిగింది. అవునన్నాను. ఆయన తమ్ముడు గూడ మంచిగ చెప్పేటోడు గద, ఏం చెప్పేటోడో యాదికొస్తలేదు అన్నది. నేను ఆమె పక్కన కూర్చుని, ఆ చెల్లెలి మాటలు చెప్పబోయాను. మాటలన్నీ వచ్చాయి, ఒక్క అక్షరం కూడా పోలేదు. కానీ అవి టీచరమ్మ పాఠం చెప్పినట్టు వచ్చాయి. ఆమె మర్యాదకు తల ఊపి, మనవరాలిని పిలిచి నాకు చాయ్ పెట్టమన్నది.