గోటి కింది పచ్చదనం

అప్పట్లో మా క్రైస్తవ సంఘం నాదర్‌గుల్ వైపున్న తన రాళ్ల నేలలో పాత అడవిని మళ్లీ పెంచుతుండేది. దాని గురించి రాయడానికి పిలిపించిన రచయిత ఏడాదిపాటు ఎల్బీనగర్‌లోని మా మందిరం వెనక గదిలో ఉన్నాడు. ఆకు రాలిన చెట్టు కనిపిస్తే చాలు, కొమ్మ తొక్కను బొటనవేలి గోటితో గీకేవాడు. లోపల పచ్చ కనిపించగానే, "పానం ఉన్నది తమ్మీ, జర ఓపిక వట్టాలె" అనేవాడు. నాకూ గీకి చూడడం నేర్పాడు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఆ ఎండాకాలం ఆయన నల్లగొండ వెళ్లినప్పుడు బంద్ వచ్చి బస్సులు ఆగిపోయాయి. ఆదివారం మా సంఘ పెద్ద, బైబిల్లో కాయని అంజూరపు చెట్టుకు ఇంకో ఏడాది గడువు అడిగిన తోటమాలి గురించి కన్నీళ్లతో ప్రసంగించాడు. మర్నాడే గొడ్డళ్లు తెప్పించాడు! అతిథులు వస్తున్నారట, మోడులు కనిపిస్తే సంఘం పరువు పోతుందట.

"ఎండిపోయినవే కదండీ బ్రదర్?" అని నన్నడిగాడు.

తునికి, మద్ది చెట్లు ఆ కాలంలో ఆకు రాలుస్తాయని తెలిసి కూడా, ఆయనకు ఎదురుచెప్పలేక, "ఎండినయే అయ్యగారూ" అన్నాను.

రచయిత తిరిగొచ్చి మొద్దుల మధ్య నిలబడ్డాడు.

"మీరు ఒక్కరోజు ముందొస్తే ఆపేవాళ్లం కదండీ" అన్నాడు పెద్ద.

"బస్సులు బందున్నయి సార్. మీ కండ్లు గూడ బందున్నయా?"

తర్వాత నా వైపు తిరిగాడు. నరికిన కొమ్మ ఒకటి నా చేతిలో పెట్టి, "గీకు తమ్మీ" అన్నాడు.

గీకాను. పచ్చగా ఉంది.

ఆ పెద్ద మీద కోపం దిగమింగుకుంటూ ఏళ్లుగా అదే మందిరంలో మోకరిస్తున్నాను. ఆ చెట్లు బతికే ఉన్నాయని ఆ రోజు ఆయనకు తెలియదు. నాకు తెలుసు.