జేబులో మిగిలిన పిన్ను

ఫ్యాన్ల బాబాయికి పక్షవాతం వచ్చి మూడేళ్లయింది. మెదడులో బాగా లోపల చిన్న దెబ్బ అన్నాడు డాక్టరు. చెయ్యీ కాలూ దారికొచ్చాయి. మూతి వంకర కూడా సర్దుకుంది. గుండ్రాయిలా ఉన్నావన్నారు వీధిలోవాళ్లు. ఆయనా నమ్మాడు.

పోయింది మరొకటి. ఏ పని తర్వాత ఏది చెయ్యాలో ఆ వరస. పోనుపోను ఇంకా పోతోంది. మోటారు విప్పి బిగించాక బల్ల మీద ఓ స్క్రూయో వాషరో మిగిలేది. ఎవరూ చూడకుండా జేబులో వేసుకునేవాడు. చొక్కా ఉతికాక జేబు ఖాళీగా ఉండేది. భార్య తీస్తోందని ఆయనకు తెలుసు. ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆ సాయంత్రం జేబులో చేతికి తగిలింది స్ప్లిట్ పిన్ను. సీలింగ్ ఫ్యాను వేలాడే బోల్టు నుంచి నట్టు ఊడిపోకుండా గుచ్చేది. అది లేకపోతే ఏదో ఒక రోజు ఫ్యాను నెత్తిమీదికే.

ఎవరింటి ఫ్యాను? పొద్దున నిచ్చెన ఎక్కానని మోకాళ్లు చెబుతున్నాయి గానీ, ఎక్కడో తలకు అందడం లేదు. పిన్ను పారేస్తే ఎవరికీ తెలియదు. అయినా దాన్ని అరచేతిలో పెట్టుకుని వంటింటి గుమ్మంలోకి వెళ్లాడు.

"ఇదిగో, పొద్దున నేనెవరింటికి వెళ్లాను?"

ఆమె పిన్ను చూసి గరిటె పక్కన పెట్టింది. "టీచరమ్మ ఇంటికి. చెప్పులేసుకోండి, తమ్ముణ్ణి పిలుస్తాను."

"నీ జేబులు దులిపితే ఓ ఫ్యాను తయారవుద్ది బావా" అన్నాడు బావమరిది నిచ్చెన మోస్తూ. మామూలప్పుడైతే బాబాయి తిట్టేవాడే. తల దించుకుని నడిచాడు.

టీచరమ్మ ఇంట్లో ఫ్యాను తిరుగుతోంది. కింద చంటిపిల్ల నిద్రపోతోంది. ఆయన గబుక్కున స్విచ్చి ఆపాడు.

"అదేంటి బాబాయ్, పొద్దున్నేగా బిగించారు?"

"గాలి సరిగ్గా వస్తోందో లేదో చూద్దామని..." వెంట వచ్చిన భార్య సర్దిచెప్పబోయింది.

"కాదమ్మా. పిల్లని తియ్యి. పిన్ను పెట్టడం మర్చిపోయాను. నా బుర్ర మునుపట్లా లేదు." నిచ్చెన కాలును చూస్తూ చెప్పాడు.

బావమరిది పైకెక్కాడు. "నట్టు సగం ఊడింది బావా." ఈసారి వేళాకోళం లేదు. నట్టు బిగించి పిన్ను గుచ్చాడు.

టీచరమ్మ కోప్పడలేదు. తిట్టినా బాగుండుననిపించింది ఆయనకు.

"ఈమధ్య ఇంకెవరిళ్లలో బిగించారు?" అని మాత్రం అడిగింది.

ఆయన భార్యవైపు చూశాడు. ఆమె ఒక్కో ఇల్లూ చెబుతుంటే, వేరెవరి సంగతో వింటున్నవాడిలా నిలబడ్డాడు. ఆ ఇళ్లకు బయల్దేరేటప్పుడు నిచ్చెన మాత్రం తానే మోస్తానన్నాడు.